పచ్చబొట్టు చేపలు

కూర్మమ్మ దగ్గర రెండు రకాల చేపలుండేవి. కొన్ని తట్టలో, కొన్ని చేతుల మీద. భావనపాడు నుంచి టెక్కలి వచ్చి ఇంటింటికీ తిరిగే ఆ మనిషి ముంజేతుల మీద పచ్చబొట్టు చేపలు చూసి, చేపలమ్మకు తగ్గ సింగారమే అని అక్కడి ఇల్లాళ్లు ముచ్చటపడేవారు. ఆవిడ నవ్వేసి, అదే ఊపులో చందువ చేపల ధర కాస్త పెంచి చెప్పేది. నోటికి జంకు లేని మనిషి. బేరం దగ్గర ఆవిడను గెలిచినవాళ్లు టెక్కలిలో లేరు.

ఆ పచ్చ చేపల కింద తెల్లమచ్చలున్నాయన్న సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. పుట్టినప్పటి మచ్చలు. ఒక కొన గుండ్రంగా, ఇంకో కొన సన్నగా, ఆకుల్లా ఉండేవి. వాళ్లమ్మ అవి చూసి బొల్లి అనుకుని గుండెలు బాదుకుంది. రేపు ఈ పిల్ల తట్ట ఎత్తుకోవాలి. చేప కోసి, తోమి, చేత్తో అందించాలి. బొల్లి చేతి చేప ఎవరు కొంటారు? అందుకని కోటబొమ్మాళి జాతరకు తీసుకుపోయి ఒక్కో మచ్చ మీద ఒక్కో చేప పొడిపించింది. మచ్చ ఆకారం ఎలాగూ చేపకు దగ్గరదే కాబట్టి పొడిచేవాడికి పెద్ద శ్రమ కాలేదు. కట్టుకున్న గంగులుకు కూడా ఆ సంగతి తెలియదు. తెలియకుండానే ఆయన కాలం చేశాడు.

ఇంతవరకూ అయితే ఆవిడను తప్పుపట్టడానికి మనకు నోరు రాదు. పొట్ట కోసం కప్పుకుంది. కానీ ఆ తర్వాత చేసిన పని వేరు.

కోడలు దేవికి తల్లి లేదు. కళింగపట్నం నుంచి వచ్చిన పిల్ల. పురుడు కూడా కూర్మమ్మే పోసింది. పుట్టిన మనవరాలు గౌరికి కొన్నాళ్లకు చేతుల మీద, పిక్కల మీద తెల్లమచ్చలు తేలాయి. అచ్చం తన మచ్చలే. చూసిన క్షణంలోనే కూర్మమ్మ పోల్చుకుంది. దేవి కూడా చూసి, ఏమిటత్తా ఇవి అని బెదురుగా అడిగింది.

అబద్ధం ఆడాలని కూర్మమ్మ ముందుగా అనుకోలేదు. నోటికి వచ్చేసింది. ఇది మీ పుట్టింటి వైపు బొల్లి అయ్యుంటుంది, మీ పెద్దోళ్లు దాచి పిల్లనిచ్చారు, సరేలే, నువ్వు నోరు మూసుకుంటే నేను చూసుకుంటాను అంది. దేవి ఆ మాట నమ్మింది. అంత పరువు తక్కువ సంగతిని అత్త తన కొడుక్కి కూడా చెప్పకుండా కడుపులో పెట్టుకుందని ఆ పిచ్చిది అత్త కాళ్లకు దణ్ణం పెట్టింది. కూర్మమ్మ ఆ దణ్ణం తీసుకుంది. పిల్ల కాస్త ఎదిగాక అదే జాతరలో మిషను పెట్టి పొడిచేవాడి దగ్గర గౌరి మచ్చలన్నింటి మీదా పచ్చ చేపలు వేయించింది. పిల్ల ఏడుస్తుంటే జీళ్లు కొనిపెట్టింది.

గౌరికి ఫిట్స్ రావడం అప్పటికే మొదలైంది. ఉన్నట్టుండి చూపు ఒకవైపుకి తిరిగిపోయేది, కుడిచెయ్యి టకటకా కొట్టుకునేది, తర్వాత మనిషి మొద్దులా పడిపోయేది. మాటలు ఆలస్యంగా వచ్చాయి. బడిలో చెప్పింది మర్నాటికి ఉండేది కాదు. దేవి చిన్నాన్నకు తాగితే ఫిట్స్ వచ్చేవని ఊళ్లో ఎవరో అంటే, కూర్మమ్మ అవునని తలూపింది. ఆ తలూపుడు చాలు, వాడంతా పాకిపోయింది. పిల్ల రోగం తన రక్తంలోంచి వచ్చిందని దేవికి కూడా ఖాయమైపోయింది. పిల్లకు నయమయ్యేదాకా చేప ముట్టనని గంగమ్మకు మొక్కుకుంది. చేపలు పట్టే ఇంట్లో, చేపలమ్మే ఇంట్లో, చేప వాసనలోనే నిద్రపోయే మనిషి ఏళ్ల తరబడి చింతపండు పులుసుతో అన్నం తింది. కూర్మమ్మ రోజూ ఎదురుగా కూర్చుని కవ్వళ్ల చేపల పులుసు తినేది. మొదట్లో ముద్ద దిగేది కాదు. తర్వాత్తర్వాత దిగింది. మనిషికి ఏదైనా అలవాటవుతుంది, అదే అన్నిటికంటే అన్యాయం.

తిత్లీ తుపాను వచ్చిన ఏడాది చివర్లో, శ్రీకాకుళానికి నెలకోసారి విశాఖపట్నం నుంచి వచ్చే ఆమని అనే డాక్టరమ్మ దగ్గరికి గౌరిని తీసుకుపోయారు. హరిబాబు, అంటే కూర్మమ్మ కొడుకు, గుజరాత్‌లో వీరావల్ రేవులో బోటు మీద ఉన్నాడు. మన వైపు మగాళ్లు సగం మంది అక్కడే కదా. అందుకని ఆడవాళ్లిద్దరే వెళ్లారు.

ఆమనిది విజయనగరం. సంగీతం మేష్టర్ల ఇంటి పిల్లట. మెత్తగా మాట్లాడుతుంది గానీ ఒక్క ప్రశ్న కూడా వదలదు. స్కానింగు ఫిల్మును వెలుగులో పెట్టి చూసింది. మెదడులో ఒకచోట గడ్డలాంటిది కనిపిస్తోంది, ఫిట్స్ అక్కడి నుంచే వస్తున్నాయి అంది. తర్వాత గది తలుపు మూసి, లైటార్పి, చేతిలో మచ్చలను పట్టి చూపే నీలి దీపం పట్టుకుని పిల్ల ఒళ్లంతా వెతికింది. వీపు చూసింది, పొట్ట చూసింది. చేతులు పట్టుకుని, చేపలు భలే ఉన్నాయే అని మెచ్చుకుంది. గౌరి సంబరపడి పిక్క మీద చేపను కూడా చూపించింది.

లైటు వేశాక డాక్టరమ్మ అడిగింది. పుట్టుకతో ఎక్కడైనా తెల్లమచ్చలుండేవా, బాగా గుర్తు తెచ్చుకుని చెప్పండి అని. దేవి అత్త ముఖంలోకి చూసింది.

"నేవు తల్లీ. సుబ్బరంగా పుట్టినాది" అంది కూర్మమ్మ.

బయటికి వచ్చాక దేవి ఆవిడ చెయ్యి పట్టుకుంది. మా పుట్టింటి పరువు మళ్లీ కాపాడేవత్తా అంది. ఆ చెయ్యి విడిపించుకుని కూర్మమ్మ సోడా తాగుతానని పక్కకు పోయింది. సోడా తాగలేదు. బండి పక్కన ఊరికే నిలబడి వచ్చింది.

మచ్చల్లేవు కాబట్టి జబ్బు ఆ ఒక్క గడ్డదే అనుకోవాలి, మందులకు లొంగడం లేదు కాబట్టి విశాఖపట్నంలో తల తెరిచి ఆ గడ్డ తీసేద్దాం, వచ్చే నెల వస్తే రోజు చెబుతాను అని డాక్టరమ్మ అప్పటికే చెప్పి పంపింది. ఆ నెలంతా కూర్మమ్మ మనవరాలి తలకు నూనె రాస్తూ కూర్చుంది. గౌరిది ఒత్తు జుట్టు. గొరిగేస్తారట. నూనె చేతి కింద చిన్న బుర్ర వెచ్చగా తగిలేది. ఇక్కడ కోస్తారా, ఇక్కడా అని వేళ్లు వాటంతట అవే వెతికేవి.

అప్పుడే పెద్దకొడుకు రాముడు గుర్తుకు రావడం మొదలైంది. గుర్తుకు రావడం అంటే తప్పు, వాడినెప్పుడూ మర్చిపోలేదు. వాడి గురించి ఒక్క ముక్క మాత్రం ఆలోచించకుండా ఇన్నేళ్లూ తప్పించుకు తిరిగింది. రాముడికి కూడా చూపు ఒక వైపుకి తిరిగిపోయేది. ఇసకలో రెండుసార్లు పడ్డాడు. రెండుసార్లూ చూసింది తల్లి ఒక్కతే. మూర్ఛ ఉన్నవాణ్ని ఏ పడవా ఎక్కించుకోదు. పడవ ఎక్కనివాణ్ని ఆ ఊళ్లో మగాడనరు. అందుకని నోరు మూసుకుని పంపింది. గాలి లేని రోజు, అల లేని నీళ్లలోకి మీసం రాని పిల్లాడు పడవ మీద నుంచి పడిపోయాడు. గట్టు మీద నుంచి గంగులు కళ్లారా చూశాడు. కాలు జారిందన్నారు. గంగమ్మ తీసుకుపోయింది అన్నారు. కూర్మమ్మ ఎవరేమన్నా ఊఁ కొట్టింది.

నెల తిరిగింది. శ్రీకాకుళం బస్సులో గౌరి కిటికీ పక్కన కూర్చుంది. నరసన్నపేట దాటాక దేవి గొంతు తగ్గించి, తెల్లమచ్చల సంగతి డాక్టరమ్మకు చెప్పేస్తాను అంది. అంత గుచ్చి అడిగిందంటే అందులో ఏదో ఉంటుంది, తల కోసే ముందు దాపరికం ఎందుకు అంది.

"మా వోల్ల పరువు పోతే పోనీ అత్తా. నువ్వింతకాలం నా కోసం దాసినావు. ఇంక నీకా బరువొద్దు."

కూర్మమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. జీడితోటలు తుపానుకి కూలిపోయి వేళ్లు పైకి లేచి ఉన్నాయి. ఈ పిల్ల తనది కాని తప్పును నెత్తినేసుకుని డాక్టరు ముందు నిలబడబోతోంది. తను కదలకుండా కూర్చుంటే చాలు, పని దానంతటది అయిపోతుంది. పిల్లకు మేలు జరుగుతుంది. మచ్చ కళింగపట్నం వాళ్లది అవుతుంది. తన చేపలు తన చేతి మీద భద్రంగా ఉంటాయి. నిజం చెప్పాలంటే ఆ ఆలోచన కూర్మమ్మకు వచ్చింది. వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. బస్సు దిగేదాకా ఆ ఆలోచనా, ఆ అసహ్యమూ రెండూ పక్కపక్కనే కూర్చున్నాయి.

గదిలో ఆమని ఆపరేషన్ రోజు చెప్పబోతుంటే దేవి లేచి నిలబడింది. చీర కొంగు వేళ్లకు చుట్టుకుంటూ, ఒక మాట దాచాం డాక్టరుగారూ అంది. పిల్లకు తెల్లమచ్చలుండేవి, ఆ చేపల కింద ఉన్నాయి, అది మా పుట్టింటి...

"ఆగెహె" అంది కూర్మమ్మ.

అంత గట్టిగా అనాలనుకోలేదు. గౌరి ఉలిక్కిపడింది. కూర్మమ్మ రెండు చేతులూ బల్ల మీద పెట్టింది.

"దాని పుట్టింటిది కాదమ్మా. నాది. ఈ సేపల కిందున్నవి కూడా అయ్యే మచ్చలు. దానికి నేను అబద్దం సెప్పినాను. గౌరి గుంట మచ్చలు కప్పించింది కూడా నేనే."

దేవి నిలబడ్డది నిలబడ్డట్టే ఉండిపోయింది. ఆమని కూర్మమ్మ చేతిని దగ్గరికి తీసుకుని, చేప అంచు వెంట వేలితో రాస్తూ చూసింది. చెప్పులు విప్పమంది. కాలిగోళ్ల పక్కన ఎప్పటి నుంచో ఉన్న పులిపిర్లలాంటి కండలను, చెప్పు ఒరిపిడి అనుకుని కూర్మమ్మ ఏనాడూ పట్టించుకోనివాటిని, వంగి ఒక్కొక్కటే చూసింది. హరిబాబు ముఖం మీద ఏమైనా ఉన్నాయా అని దేవిని అడిగింది. ముక్కుకి అటూ ఇటూ ఎర్రగా మొటిమలు, చిన్నప్పటి నుంచీ ఉన్నాయి, ఎన్ని రాసినా పోలేదు అని దేవి ఎక్కడో చూస్తూ చెప్పింది. ఇంట్లో ఇంకెవరికైనా ఫిట్స్ ఉండేవా అని చివరికి అడిగింది డాక్టరమ్మ. దేవి అలవాటుగా మా చిన్నాన్నకి అనబోయింది.

"ఆడిది తాగుడు. ఆడినొగ్గేయండి" అంది కూర్మమ్మ. "నా పెద్దకొడుక్కి ఉండేవి. రాముడికి."

ఆ పేరు ఆ ఇంట్లో ఎవరూ పలకరు. దేవికి కూడా ఫొటోలో తప్ప తెలియదు.

ఇది బొల్లి కాదు అని ఆమని ముందుగా చెప్పింది. తర్వాత అసలు జబ్బేమిటో చెప్పడానికి చాలా తంటాలు పడింది. ముందు స్విచ్చి, వైరు అని మొదలుపెట్టింది. అది సరిగ్గా కుదరక మళ్లీ మొదటికి వచ్చింది. ఒంట్లో ప్రతి కణానికీ బయటి నుంచి కబురు వస్తుందట, తిండి ఉంది, పెరుగు అని. ఆ కబురు లోపల ఒకరి నుంచి ఒకరికి అందుతూ పోతుందట. ఇంక చాలు అని చెప్పే కబురు కూడా అలాగే అందాలి. ఈ ఇంటి మనుషుల్లో కొందరికి ఆ చాలు అనే మాట పుట్టుకతోనే బలహీనం. అది అందని చోట కణాలు అదుపు తప్పుతాయి. చర్మంలో అయితే మచ్చ, గోరు పక్కనైతే కండ. మెదడులో అయితే అక్కడి కణాలు ఊరుకోకుండా ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుంటాయి, అదే ఫిట్స్.

కూర్మమ్మకు గంగులు కళ్లముందు కదిలాడు. గట్టు మీద నిలబడి ఎర్ర తువ్వాలు ఊపేవాడు. ఆయన ఊపితే చేపల గుంపు చుట్టూ పడవ వల వేసుకుంటూ తిరిగేది, ఒడ్డున జనం తాళ్లు లాగేవారు. ఆయన తువ్వాలు దించితే అందరూ ఆగేవారు. దించకపోతే వల చిరిగేదాకా లాగుతూనే ఉంటారు.

"లాగమనీవోడున్నాడు, తువ్వాలు దించీవోడు నేడు. అంతేనా?"

ఆమని అంతే, దించేవాడే లేడు అంది. తువ్వాలు దించే పని చేసే మాత్ర ఒకటి వచ్చింది, ఎక్కడో సముద్రం మధ్య దీవి మట్టిలో దొరికిన మందు దానికి మూలం, కణం లోపల ఆ పెరుగు అనే కబురును పట్టి ఆపుతుంది అని చెప్పింది. జబ్బు పూర్తిగా పోతుందని మాట ఇవ్వలేదు. నోరు పూస్తుంది, తరచూ రక్తం చూడాలి, అయినా ఫిట్స్ బాగా తగ్గే అవకాశం ఉంది అంది. ఈ జబ్బులో గడ్డ ఇంకోచోట కూడా ఉండొచ్చు, ఒకటి కోసినా మరోచోట నుంచి మొదలు కావచ్చు, కాబట్టి ఆపరేషన్ ఇప్పుడు వద్దు, రక్తం పరీక్షకు పంపి, మెదడు, గుండె, కిడ్నీలు మళ్లీ చూసి మందు మొదలుపెడదాం అంది. చేపలను మెచ్చుకున్నాను గానీ వాటి కింద ఏముందో అడగాలని నాకు తోచలేదు అని తనను తాను కూడా తప్పుపట్టుకుంది. కూర్మమ్మ ముఖం చూసి, ఇది మీ తప్పు కాదమ్మా, మీకు కూడా మీ పెద్దల నుంచే వచ్చి ఉండొచ్చు అంది.

"మచ్చ నా తప్పు కాదు తల్లీ" అంది కూర్మమ్మ. "కప్పినది నేనే కదా."

తిరుగు బస్సులో దేవి గౌరిని తీసుకుని ముందు సీట్లో కూర్చుంది. కూర్మమ్మ వెనక, ఎవరివో మూటలు పక్కన పెట్టుకుని కూర్చుంది. తిట్టినా బాగుండేది. జుట్టు పట్టుకున్నా బాగుండేది. దేవి వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

ఇంటికి చేరేసరికి ఇంకా ఎండ ఉంది. దేవి పొయ్యి వెలిగించింది. పక్కింటి జగ్గమ్మ దగ్గర కవ్వళ్లు తెచ్చి, తోమి, పులుసు పెట్టింది. ముందు గౌరికి పెట్టింది. తర్వాత తనూ వడ్డించుకుని, గుమ్మంలో కూర్చుని, ముల్లు తీసి, ముక్క నోట్లో పెట్టుకుంది. నమలలేకపోయింది. అన్నేళ్ల తర్వాత ఆ రుచి నాలుకకు తగిలేసరికి కళ్లలోంచి నీళ్లు కారిపోయాయి. తుడుచుకోకుండానే తింది. కంచం ఖాళీ అయ్యేదాకా తింది. కూర్మమ్మ గోడకు ఆనుకుని చూస్తూ ఉంది. ఆ కంచం ముందు తను ఎన్ని పూటలు కూర్చుని తిన్నదో గుర్తుకొచ్చి, తినడమనేదే ఇంక తన వల్ల కాదనిపించింది.

చెయ్యి కడుక్కుని దేవి సెల్లు తీసుకొచ్చి అత్త ఒళ్లో పడేసింది.

"మీ అబ్బాయికి నువ్వే సెప్పు. రాముడు బావ సంగతి కూడా సెప్పు. నాను సెప్పను."

హరిబాబు బోటు రేవులో ఉందట. ఇంకాసేపట్లో సముద్రంలోకి పోతున్నాం, ఏమిటో తొందరగా చెప్పు అన్నాడు. వెనకాల ఇంజను చప్పుడు, మగాళ్ల కేకలు వినిపిస్తున్నాయి. కూర్మమ్మ గౌరి సంగతితో మొదలుపెట్టింది. మచ్చల సంగతి చెప్పింది. దేవికి ఆడిన అబద్ధం చెప్పింది. వాడు అడ్డు రాకుండా విన్నాడు. అప్పుడు చెప్పింది.

"మీ అన్న కాలు జారి పడనేదురా. ఆడికి మూర్సలున్నాయి. నాకు తెల్సు. తెలిసే ఎక్కించినాను."

వాడు ఏదో అనేలోపే కూర్మమ్మ, ఒరే హరీ, డాక్టరమ్మ నిన్ను కూడా వచ్చి చూపించుకోమంది, నీకేమీ లేదు గానీ ఎందుకైనా మంచిది అని గబగబా అంది.

"ఉన్నాదమ్మా" అన్నాడు హరిబాబు. గొంతు బాగా తగ్గించాడు. "ఎడమ సెయ్యి. ఒక్కోసారి దానంతటదే కొట్టుకుంటాది. మొన్న తాడు జారిపోనాది. సెప్తే దింపేస్తారని ఎవులికీ సెప్పనేదు."

వీడికి దాచడం ఎవరు నేర్పారు అని కూర్మమ్మ అడగాల్సిన పని లేదు. ఎదురుగా గౌరి తన చేతి మీద చేపకు అన్నం మెతుకు పెట్టి ఆడుకుంటోంది. దేవి ఆ మాటలు వినలేదు గానీ అత్త ముఖం చూసి గిన్నె కింద పెట్టేసి దగ్గరికి వచ్చింది.

"పక్కనెవుడున్నాడురా?" అంది కూర్మమ్మ.

తండేలు, అంటే బోటు పెద్ద, అక్కడే ఉన్నాడన్నాడు.

"ఆడికి సెప్పు. ఇప్పుడే సెప్పు. నాను ఇంటాను."

ఇప్పుడు చెబితే దింపేస్తారమ్మా, ఈ వేట అయ్యాక చెబుతానులే అన్నాడు వాడు. కూర్మమ్మ ఊఁ అనలేదు. జీవితమంతా ఊఁ కొట్టిన మనిషి ఆ ఒక్కసారి కొట్టలేదు. బతిమాలలేదు, తిట్టలేదు. ఫోను చెవికి నొక్కిపట్టుకుని అలాగే కూర్చుంది. దేవి పక్కన చతికిలబడి తన చెవిని కూడా ఫోనుకు ఆనించింది. ఇంజను చప్పుడు వినబడుతోంది. ఎవరో తాడు విప్పమని కేక వేశారు.

చాలాసేపటికి కొడుకు గొంతు, ఫోనుకు కాస్త దూరంగా, వినిపించింది.

"తండేల్ మావా, నీకో మాట సెప్పాల."